లక్కయింటిలోని గొంతులు

దేశసేవ యనగా ధ్వజము పట్టుటయు, సభలలో ప్రసంగించుటయు మాత్రమే యని తలచువారికి ఈ వారము మేము వ్రాయబోవు విషయము స్వల్పముగా దోచవచ్చును. మన యిండ్ల అటకలపై, చిల్లుపడిన గంగాళములకును కాలు విరిగిన కుర్చీలకును నడుమ, దుమ్ము గప్పుకొని పడియున్న పాత గ్రామఫోను రికార్డులను గూర్చి మేము వ్రాయుచున్నాము. పాతసామానులు కొనువాడు వచ్చినప్పుడు ఇత్తడి బాకా గల పెట్టెకు మంచి ధర పలుకును. అది పట్టణములోని యే హోటలు ముంగిటనో అలంకారమై కూర్చుండును. రికార్డులు మాత్రము వానికి బరువు. వానిలో కొన్ని రంగులు పూయబడి గోడగడియారము లగును. తక్కినవి అటకనుండి దించునప్పుడే పగిలి పెంటకుప్పకు చేరును. పాడవలసిన పెట్టె మూగబొమ్మయై నిలువగా పాడిన గొంతు మంటిపాలగుచున్నది. తాళపత్రములను ఏటిలో గలిపి పుణ్యము గట్టుకొంటి మనుకొన్న తరములు మనకు క్రొత్తవి కావు. ఆ యపచారమే నేడు మరియొక రూపమున జరుగుచున్నదని మా యభిప్రాయము.

ఈ రికార్డు పుట్టుపూర్వోత్తరముల నొకసారి తలచికొనుట మంచిది. 1902 నవంబరులో గ్రామఫోను కంపెనీ పక్షమున ఫ్రెడ్ గైస్బర్గు కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ మొదలగువారి గానమును పట్టుకొనిపోయెను. ఆ ధ్వని నిలిచిన అచ్చులు ఓడలో జర్మనీదేశపు హనోవరు నగరమునకు బోయి, అచట రికార్డులుగా నొత్తబడి, తిరిగి మన బజారులకు వచ్చెడివి. పాట ముగియగానే గౌహర్ జాన్ తన పేరును ఇంగ్లీషులో చెప్పుకొనుట ఆ రికార్డులలో నేటికిని వినవచ్చును. అది గర్వముచేత గాదు. ఏ అచ్చు ఎవరిదో హనోవరులోని పనివాడు గుర్తించుటకు. ఇక ఆ రికార్డు దేనితో చేయబడెను? లక్కతో. ఛోటానాగపూరు అడవులలో కుసుమ, మోదుగ, రేగు చెట్ల కొమ్మలపై చిన్న పురుగులు గూడు గట్టగా, ఆదివాసులు ఆ లక్కను గీకి తెచ్చి సంతలలో నమ్ముదురు. దానిని శుద్ధిచేసి, మెత్తని రాతిపొడియు మసియు గలిపి, వేడిచేసి అచ్చొత్తినదే నిమిషమునకు 78 చుట్లు తిరుగు రికార్డు. లక్క మనది, గొంతు మనది, రాగము మనది, అచ్చుమాత్రము పరదేశము. ప్రత్తిని మాంచెస్టరునకు పంపి పంచెను కొనుక్కొన్న కథయే యిది. 1908లో కలకత్తా సియాల్దాలో రికార్డుల కర్మాగారము వెలసిన పిదపగాని ఈ యోడప్రయాణము తప్పలేదు.

అయినను ఆ కాలముననే వంగదేశమున ఒక స్వదేశాభిమాని మేలుకొనెను. కుంతలీన్ తలనూనెను అమ్మి పేరుగన్న హేమేంద్రమోహన బోసు, వంగవిభజన వ్యతిరేకోద్యమపు దినములలో రవీంద్రనాథుని కంఠమున వందేమాతరమును పట్టి యుంచెను. ఆ గొంతు నేటికిని వినబడుచున్నది. నూరు వ్యాసములు చదివినను కలుగని యనుభవ మది.

తెలుగువారి విషయమున గ్రామఫోను చేసిన ప్రధానమైన మేలు, మా దృష్టిలో, పద్యమును నిలుపుట. సంగీతకచ్చేరికి అది సరియైన కొలపాత్ర కాదు. 10 అంగుళముల రికార్డునకు ఒక్కొక్క ప్రక్క ఇంచుమించు 3 నిమిషములే పట్టును. గంటసేపు విస్తరించు రాగాలాపనను అందు జొనుపుట ఏనుగును గంపక్రింద దాచుటవంటిది. ఆ రికార్డులను విని పూర్వవిద్వాంసుల శక్తిని కొలువబూనుట అన్యాయము. పద్యమునకో, ఆ కొలత కుట్టి యిచ్చినట్లు సరిపోయెను. ఒక ప్రక్కన రెండు మూడు పద్యములు, వానికి ముందు ఒక పలుకు వచనము: నాటకరంగస్థలము పెట్టెలో పట్టినది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ పద్యములును, బలిజేపల్లి లక్ష్మీకాంతకవి హరిశ్చంద్ర పద్యములును అక్షరము రానివారి నాలుకలపై నిలిచిన వనిన, అందు నాటక సమాజముల కెంత పాలు గలదో కీ ఇచ్చి త్రిప్పు పెట్టెకును అంత పాలు గలదు. సభాప్రవేశమునకు టిక్కెట్టు కొనలేనివాడును, కొన్నను లోనికి రానీయబడనివాడును కాఫీ హోటలు ముందు నిలిచి పద్యము నేర్చికొనెను. సరస్వతి గుడి తలుపులను ఇంత విశాలముగా దెరచిన యంత్రము అంతకు ముందు మనకు లేదు.

1935లో నిండు వయసున గతించిన కపిలవాయి రామనాథశాస్త్రి పాడిన పద్యమును నేటి నటుడు ఎట్లు తెలిసికొనగలడు? పుస్తకమున పద్యమున్నది, ఛందస్సున్నది, కాని సమాసమును ఎచట విరిచెనో, యతిస్థానమున ఎంతసేపు నిలిచెనో, ఊపిరి ఎచట దీసెనో, కరుణరసమున స్వరము నెంత తగ్గించెనో పుస్తకము చెప్పజాలదు. బందరు డి. వి. సుబ్బారావు హరిశ్చంద్ర పాత్రలో పాడినది వినినవారు ఆంధ్రదేశమున లక్షలుగా నుండిరి. వారిలో నేడు మిగిలినవా రెందరు? చెవులు పోయినపిదప సాక్ష్యము చెప్పునది లక్క యొక్కటియే.

ఈ పాత గొంతులను వినగానే నవ్వు వచ్చుచున్నదని యువకులు కొందరందురు. అంత హెచ్చు శ్రుతి యేల, ఆ కేకలేల యని అడుగుదురు. వేయిమంది కూర్చున్న పందిరిలో, పెట్రోమాక్సు దీపముల క్రింద, యంత్రసహాయము లేక వెనుకవరుస రైతునకు వినబడునట్లు పాడినవారు వారు. మరియు 1925లో విద్యుత్తుతో శబ్దగ్రహణము చేయు పద్ధతి వచ్చువరకు గాయకుడు ఒక బాకానోట తలయుంచి గట్టిగా పాడవలసియుండెను. మెల్లగా పాడినచో గాడి పడదు. ఆ కష్టము నెరిగి విన్నవాడు నవ్వడు.

మన జాతి మరచిపోదలచిన మరియొక వర్గము గొంతులును ఇందున్నవి. భారతదేశమున మొట్టమొదట బాకా యెదుట నిలిచి పాడుటకు జంకనివారు కులీనస్త్రీలు గారు; భోగముకులమువారనియు, దేవదాసీలనియు లోకము చిన్నచూపు చూచిన స్త్రీలు. క్షేత్రయ్య పదములు, జావళీలు తెలుగుమాటలే యైనను, వానిని బ్రతికించినవారిలో పెక్కురు దక్షిణమున తమిళనేలపై నుండిన గాయనులు. తిరువయ్యారున త్యాగరాజస్వామి సమాధిమందిరమును తన యార్జనతో కట్టించిన బెంగళూరు నాగరత్నమ్మయు గ్రామఫోనునకు పాడినది. 1947లో మదరాసు ప్రభుత్వము దేవదాసీ సమర్పణమును శాసనముచే నిషేధించుట సర్వధా సముచితము. కాని దురాచారముతోబాటు వారి విద్యను గూడ ఊడ్చివైచుట సంస్కరణము గాదు. ఆ విద్యకు మిగిలిన జాడలలో రికార్డు ముఖ్యమైనది.

ఇచట ఒక దృష్టాంతము చెప్పక తప్పదు. తాళ్ళపాక అన్నమాచార్యుల సంకీర్తనములు తిరుమల దేవాలయపు సంకీర్తన భాండారమున రాగిరేకులపై చెక్కబడి శతాబ్దుల తరబడి మూతబడియుండి, 1922 ప్రాంతమున వెలుగు చూచినవి. వేలకొలది పాటలు దొరకినవి. లోకము సంతసించెను. కాని ఆ రేకులపై నున్నవి సాహిత్యమును రాగముపేరును మాత్రమే; స్వరము లేదు. కావున రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ మొదలుకొని నేదునూరి కృష్ణమూర్తి వరకు విద్వాంసులు వానికి క్రొత్తగా వరుసలు కట్టవలసివచ్చినది. మనము నేడు భక్తితో వినుచున్నది అన్నమయ్య మాట; ఆయన పాట గాదు. రాగియంత దిట్టమైన లోహమును నమ్మి, అంత శ్రద్ధగా చెక్కించి దాచినను పాట దక్కలేదు. తుచ్ఛమైన లక్క, ఒక పురుగు కట్టిన గూడు, రాగి చేయలేని పనిని చేసినది. దానిని మనము తూకమునకు అమ్ముచున్నాము.

జాతీయోద్యమమునకు సంబంధించిన రెండు రికార్డులను మాత్రము పేర్కొందుము. 1931లో రౌండుటేబులు సమావేశమునకై లండను వెళ్ళిన గాంధీమహాత్ముని కొలంబియా కంపెనీ ఒప్పించి మాటలాడించినది. రాజకీయమును మాటలాడుటకు ఆయన యంగీకరింపక, భగవంతుని గూర్చి తాను పూర్వము వ్రాసిన వ్యాసమును చదివెను. రెండవది మన యింటిది. తిరుపతివాసి శంకరంబాడి సుందరాచారి 1942 నాటి దీనబంధు చిత్రమునకై వ్రాయగా, ఆ చిత్రమున చోటు దొరకని ‘మా తెలుగు తల్లికి’ గీతమును టంగుటూరి సూర్యకుమారి పాడగా గ్రామఫోను కంపెనీ రికార్డు చేసెను. చిత్రమును మరచితిమి, పాట ఇంటింట మ్రోగి, బడిబడికి ప్రాకి, తుదకు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రగీతమైనది. నిర్మాత వలదన్న పాటకు లక్కరికార్డు ప్రాణము పోసినది. ఇట్లు నిలిచినది ఒకటి కాగా, నిలువక పోయినవి ఎన్ని యున్నవో యెవరు లెక్కించిరి? మొదటి తెలుగు టాకీ భక్తప్రహ్లాద చిత్రము ప్రతియే నేడు లభ్యము కాదు. తొలినాటి టాకీలు పెక్కింటికి మిగిలిన ఆనవాళ్ళు పాటల పుస్తకములును, రికార్డులును మాత్రమే.

లక్కకు గల శత్రువులు పెక్కుమంది. అది గాజువలె పెళుసు; చేయి జారిన నంతియే. ఉక్కు ముల్లు గాడిని తిన్నది. ఒక్కొక్క ప్రక్కకు ముల్లు మార్చవలెనని కంపెనీవారు చెప్పినను, పిసినారితనముచే ఒకే ముల్లుతో పది పాటలు విన్న యిండ్ల రికార్డులు నేడు ఇసుక రాలినట్లు గరగర లాడుచున్నవి. రెంటచింతల యెండకు రేకులకప్పు క్రింద నుంచిన రికార్డు అప్పడమువలె వంగిపోవును. 1942లో యుద్ధమువలన లక్క దిగుమతి సందిగ్ధమై, అమెరికా ప్రభుత్వము రికార్డులకు వాడు లక్కను 70 శాతము తగ్గించినది; పాతవి తెచ్చియిచ్చిననేగాని క్రొత్తవి యమ్మమని అచటి వర్తకులు నిబంధన పెట్టిరి. ఎన్ని పాటలు ఆ విధముగా కరగిపోయెనో! నేటి శత్రువు అజ్ఞానము. మురికి పోవునని స్పిరిటుతో తుడుచు మహానుభావులున్నారు. స్పిరిటులో లక్క కరగునని ఏ వడ్రంగి నడిగినను చెప్పును; తుడిచినవాని గుడ్డకు అంటిన నలుపు మసి గాదు, పాట.

1948లో అమెరికాలో వినైల్ తో చేసిన, నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగు ఎల్.పి. రికార్డు వచ్చెను. అది పగులదు, ఒక్కొక్క ప్రక్క ఇరువది నిమిషములకు మించి పాడును. మన దేశమున మాత్రము లక్క రికార్డులు 1960ల వరకును వెలువడినవి. 1974లో ఘంటసాల గతించిన పిదప వెలువడిన భగవద్గీత ఎల్.పి.ని ఎరుగని తెలుగిల్లు లేదు. (ఆ గీతను శవయాత్రలకు పరిమితము చేసిన మన రసికత వేరుగా విచారింపదగినది.) ఇటీవల వినైల్ మీద ప్రపంచమున మోజు తిరిగి పుట్టినది, 2020లో అమెరికాలో వానిపై వచ్చిన రాబడి సీడీల రాబడిని మించినది. మన నగరములలోను యువకులు అట్టి రికార్డులు కొనుచున్నారు. సంతోషమే. అయితే నిన్న అచ్చొత్తిన విదేశపు రికార్డును వేలు పోసి కొని అద్దాల బీరువాలో నుంచుట వేడుక. తాతగారి పెట్టెలోని పగులు రికార్డును కాపాడుట కర్తవ్యము. ఈ రెంటికి గల భేదమును గుర్తింపవలెను.

సేకరించినవారు మనలో లేకపోలేదు. చెన్నపురిలో వి. ఎ. కె. రంగారావుగారు వేలకొలది రికార్డులను ప్రోగుచేసి, వానిని గూర్చి వ్రాసి, చెప్పి, తెలుగువారికి తమ ధనమును తాము తెలిసికొనునట్లు చేసిరి. బొంబాయిలో 1990లో భారతీయ రికార్డు సేకర్తల సంఘ మేర్పడి పత్రికను గూడ నడిపినది. ఆ బొంబాయియందే 1935 మొదలు 1955 వరకు ‘యంగ్ ఇండియా’ యను పేర స్వదేశీ రికార్డులు వెలువడెడివి. గాంధీగారి పత్రిక పేరు పెట్టుకొన్న ఆ రికార్డులను నేటి యంత్రములలోనికి ఎక్కించి భద్రపరచు పనికి ధనసహాయము ఎచటినుండి వచ్చినదో పాఠకు లూహింపగలరా? లండనులోని బ్రిటిషు లైబ్రరీనుండి! వారిని మేము నిందింపము, కృతజ్ఞులము. తలవంపు మనది.

సేకర్తలయందును ఒక దోషము గలదు. కొందరికి రికార్డు పాట గాదు, సొత్తు. తన యొద్ద నున్నది మరియొకని యొద్ద లేదనుటలో వారికి గల యానందము పాటలో లేదు. ప్రతి తీసికొందుమన్న నీయరు. వినిపింపుమన్న వాయిదా వేయుదురు. వారు గతించిన మరునాడు కుమారులు గదిని ఖాళీ చేయుదురు. ధనమును పాతిపెట్టిన లోభికిని వీరికిని తేడా యేమి? సి. పి. బ్రౌను కడపలో పండితులకు జీతములిచ్చి తాళపత్రములకు ప్రతులు వ్రాయించి, పాఠములు సరిచూపించి, తుదకు వానిని గ్రంథాలయమునకు చేర్చెను. పరాయి ప్రభుత్వపు టుద్యోగి యైనను ఆయనను మనము నేటికిని ప్రీతితో తలచుట ఆయన ప్రోగుచేసినందులకు గాదు, పంచి పెట్టినందులకు.

ఇవన్నియు అంతర్జాలమున నున్నవి గదా, చరవాణిలో వేలు తాకించిన చాలును గదా యని ఒక వాదము గలదు. ఉన్నవి కొన్ని మాత్రమే. ఉన్నవానిలోను, పాడినవారి పేరు ఉండదు. ఉన్నను తప్పుగా నుండును. రికార్డు తిరుగవలసిన వేగమును సరిచూడక ఎక్కించుటచే పురుషుని గొంతు బాలుని గొంతగును. గరగర పోగొట్టెదమని యంత్రముతో తోమి తోమి, దానితోబాటు ఒత్తులను, ఊష్మములను గూడ తోమివేయుదురు. రికార్డు నడిమి కాగితముపై నున్న సంఖ్యయు, గాడి ముగిసిన చోట చెక్కిన సంఖ్యయు చారిత్రకునకు శాసనము వంటివి. వానిని ఎక్కించువా రరుదు. పైగా అట్లు ఎక్కించినది యే విదేశపు కంపెనీ యంత్రములోనో యుండును. వారు తలచినంతకాలమే యుండును.

చట్టము మన కడ్డము గాదు. 1957 నాటి కాపీరైటు శాసనము ప్రకారము శబ్దముద్రణముపై హక్కు ప్రకటించిన పిదప 60 ఏండ్లతో తీరును. పాటయొక్క మాటలకును వరుసకును వేరు హక్కు గలదు, అది రచయిత మరణానంతరము 60 ఏండ్లుండును; దానిని చూచుకొనవలసినదే. కాని లక్కరికార్డులలో చాలభాగము ఆ మొదటి గడువును దాటినవి. ప్రతి తీయుటకు కావలసినది ధనముకంటె శ్రద్ధ. 78 చుట్ల రికార్డు గాడి వెడల్పు, ఎల్.పి. ముల్లుతో వినిన అడుగున నున్న మురికి మాత్రమే పలుకును, కావున దానికి తగిన పెద్దముల్లు కావలెను. ఇట్టివి నేర్చిన యువకు డొకడు జిల్లాకు ఉన్న చాలును.

చోటు ఎక్కడ? మా సమాధానము: గ్రంథాలయములలో. హైదరాబాదున 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, వేటపాలెమున 1918లో సారస్వతనికేతనమును స్థాపించినవారు ప్రభుత్వము కొరకు వేచియుండలేదు. 1935లో కృష్ణా కాలువలపై పడవలో పుస్తకములు త్రిప్పి పల్లెలకు చదువు నందించిన జాతి మనది. నాడు అచ్చుపుస్తకమునకు జేసిన సేవను నేడు ధ్వనికి జేయవలసియున్నది. తన యింటి రికార్డును ఇచ్చి రసీదు పుచ్చుకొని, దాని ప్రతిని తన యిల్లాలికి వినిపించుటకు తిరిగి తెచ్చుకొనదగిన చోటు మన జిల్లాలలో ఏది యని పల్లెవాడు అడిగిన, రెండు తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములును, విశ్వవిద్యాలయములును చెప్పు సమాధానమేమి? విగ్రహములకును ఉత్సవములకును వ్యయమగు ధనములో నూరవవంతు ఇందులకు చాలునని మా నమ్మకము.

వారణావతమున లక్కయింట చిక్కిన పాండవులకై విదురుడు నిప్పు అంటుకొనువరకు వేచియుండక ముందుగానే బిలము త్రవ్వువానిని పంపెను. మన గొంతులును లక్కయింటనే యున్నవి. వేసవి రాకమునుపే అటకలు దింపింపుడు. రికార్డులను ఒకదానిపై నొకటి బోర్లింపక పుస్తకములవలె నిలువబెట్టుడు. శుద్ధజలమున తడిపిన మెత్తని గుడ్డతో, గాడి వెంట, నడిమి కాగితము తడియకుండ తుడువుడు. పాడినవారి పేరు, పాట, కంపెనీ, సంఖ్య: ఈ నాల్గింటిని ఒక నోటుపుస్తకమున వ్రాసి మీ యూరి గ్రంథాలయమున కిండు. రికార్డును ఇచ్చుటకు మనసొప్పనివారు ఆ జాబితానైనను ఇయ్యవలెను. గ్రంథాలయమువారు దానిని బీరువాలో బెట్టి తాళము వేయక, పత్రికలు చదువు బల్లపై నుంపవలెను.